ఆ 'దామా'లో

కనిగిరి ఆసుపత్రిలో రాత్రి రెండు దాటాక
ఫ్యాను ఒక్కటే మాట్లాడుతుంది.
అట్లాంటి రాత్రే ఫోన్లో అప్లికేషను నింపాను.
"ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారు?
మూడు వందల పదాలకు మించకుండా."

పదాలెందుకు,
రెఫరల్ రిజిస్టరు ఫొటో తీసి పంపితే చాలదూ!
అంతా నా చేతిరాతే.
బీపీ నూట డెబ్భై, ఒంగోలు.
బిడ్డ అడ్డం తిరిగింది, ఒంగోలు.
రక్తం దొరకలేదు, ఒంగోలు.
పొదిలి దాటేదాకా నా మణికట్టు వదలని చెయ్యి,
చీమకుర్తి కాడ గ్రానైటు లారీల వెనక
తిట్టి తిట్టి బొంగురుపోయిన డ్రైవరు మస్తాను గొంతు,
ఇవి రాయడానికి గడి లేదు.
అందుకని అందరూ రాసేదే రాశాను.
సేవ, ఆశయం, సమాజం.

అయినా రెండు చోట్ల సీటొచ్చింది.

ఒకటి హైదరాబాదులో క్రిటికల్ కేరు.
నిజం చెబుతున్నా, మనసు ముందు అటే పోయింది.
మెషీనంటే నాకిష్టం.
అది అబద్ధమాడదు, అలిసిపోదు,
"సిస్టరూ, కాస్త చూడు తల్లా" అని ఏడవదు.
మా దగ్గరా ఒక వెంటిలేటరుంది.
కరోనా నాడొచ్చింది.
అట్టపెట్టె మీద కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు,
పెట్టె ఇంకా విప్పలేదు.

రెండోది గుంటూరులో, కాన్పుల చదువు.
దాన్ని చదివొస్తే మందు రాయనిస్తారా
అంటే జీవో ఉందంటారొకరు,
ఉన్నా మన దాకా రాలేదంటారింకొకరు.

మా ఆయన యోనా నీళ్ళ ట్యాంకరు తోలతాడు.
ఫ్లోరైడు ఊళ్ళకి రోజూ ఆరు ట్రిప్పులు.
డీజిలు బిల్లు వెనక లెక్కేశాడు:
హాస్టలు, బస్సు, పిల్లదాని ఆటో, జీతం లేని నెలలు.
"మొదటిదే లాభం" అన్నాడు.
కాసేపాగి బిల్లు మడిచి జేబులో పెట్టుకుని
"లెక్క నాది. చదివేది నువ్వు" అన్నాడు.

రిటైరైన హెడ్ నర్సు కరుణావతమ్మ ఇంటికి పొయ్యాను.
పొట్ట మీద అరచెయ్యి ఆనించి
తల యాడుందో చెప్పేది ఆమె.
స్కానింగు వచ్చాక డాక్టర్లు తలూపేవాళ్ళు.
"ఎప్పుడూ నా మాటే నిజమయ్యేది మే,
ఎప్పుడూ సంతకం వాళ్ళదే"
అని పకోడీ కొరికి,
ఉప్పెక్కువైందని కోడలి మీద విసుక్కుంది.
ఏది చదవమంటావని అడగనే లేదు నేను.

ఫీజు కట్టే గడువు ఇంకొక్క రోజుందనగా
పామూరు వైపు పిల్లొచ్చింది.
పందొమ్మిదేళ్ళు, ఎనిమిదో నెల, ఫిట్స్.
కొరుక్కున్న నాలుక, ఒక కాలికే పట్టీ.
డ్యూటీ డాక్టరు నాకంటే ఆరేళ్ళు చిన్న,
మంచివాడే, చేతులు వణుకుతున్నాయి.
"సార్, మెగ్నీషియం మొదలెడదామా?" అన్నాను.
సిరంజి అప్పటికే నింపి ఉంది నా చేతిలో.

పదకొండేళ్ళుగా
నాకు తెలిసిందంతా
ఆ 'దామా'లోనే దాచుకున్నాను.
ఆక్సిజను పెడదామా,
ఒంగోలుకి ఫోను చేద్దామా,
ఒక్కసారి నా మాట విందామా సార్
అని మాత్రం అనలేక.

పిల్ల బతికింది. బిడ్డ సంగతి ఒంగోలులో తెలియాలి.

తెల్లారి డ్యూటీ దిగి
పామూరు రోడ్డులో నెట్ సెంటరు షట్టరు తీసేదాకా నిలబడ్డాను.
కుర్రాడు ఊదొత్తి వెలిగించి
మౌసు తుడుచుకుని అడిగాడు:
"ఒకసారి నొక్కితే మళ్ళీ మార్చలేమక్కా.
గుంటూరుదే నొక్కుదామా?"

"నొక్కు."

ఇంకు అయిపోవచ్చింది కామోసు,
రసీదు మీద నా పేరు సగమే పడింది.
ఇంకో కాపీ తియ్యమన్నాను.
ఐదు రూపాయలన్నాడు.
ఇచ్చాను.
తప్పు నొక్కించానేమోనని
బస్టాండు దాకా గుండె కొట్టుకుంటూనే ఉంది.
నాడి చూసుకున్నాను,
నూట నాలుగు.
ఎవరినీ అడగలేదు.