కొలతల పుస్తకం

జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలో
చివరి పేజీ మా నాన్నది.
తేదీ. కుడి చీలమండ. ఎడమ చీలమండ.
పది ముప్పావు. పదకొండు.
నిన్న రాత్రి పదకొండుంబావు.

ఇన్నాసీ అని కేకేస్తే
బొగ్గు రేవులో ఇరవై తొమ్మిదేళ్లు పలికాడు.
జ్ఞానాపురంలో మా కిటికీ చెక్క
పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి
వేలితో పేరు రాసుకోవచ్చు.
నేను అక్షరాలు దిద్దింది ఆ నలుపు మీదే.

ముందు చొక్కాలే నాకు చెప్పాయి.
చేతులు వదులవుతుంటే
ఛాతీ మాత్రం పీపాలా గుండ్రమవుతూ
రెండో బొత్తాం దగ్గర గుడ్డ లాగేది.
ఒళ్లు చేశావు నాన్నా అన్నాను.
సంతోషపడ్డాడు.
టేపు సరిగ్గానే చెప్పింది,
నేనే తప్పు చదివాను.

తర్వాత చెప్పుల వంతు.
పట్టీ ఉన్నచోట గాడి.
"ఎండుసేప ఉప్పెక్కువైపోనాది, అంతే."
కేజీహెచ్ ఎత్తు ఎక్కుతూ మూడుసార్లు ఆగాడు.
ఆగిన ప్రతిసారీ సముద్రం వైపు చెయ్యి చూపించాడు,
చూడ్డానికే ఆగినట్టు.

ఎకో గదిలో చీకటి.
డాక్టరమ్మ, నాకంటే చిన్నది,
తెర మీద వేలు పెట్టి చెప్పింది:
ఊపిరితిత్తుల్లో దారులు బిగుసుకుపోయాయి,
అటు రక్తాన్ని తోసీ తోసీ
గుండెలో కుడివైపు గది పెద్దదైంది.
"ఊపిరి కోసం వొచ్చినాను గదమ్మా,
గుండికేటి సమ్మందం?"
కాసేపాగి, తనలో తనే,
"పక్కోడి డ్యూటీ కూడా అదే సేసినాదన్నమాట."

నాకు మాత్రం తెర మీద
ఇందాకటి ఎత్తే కనిపించింది.
బస్తాల బండి తోస్తూ ఒకడు,
రోజుకింత నిటారయ్యే దారి,
బలిసిన భుజాలు చూసుకుని
అదే బలమనుకుంటూ.

ఇంటికొచ్చి అమ్మతో గొప్పగా:
"ఒలే లూర్దూ, ఒక్క గది ఇల్లని ఏడుత్తావు గదా,
నాలోపల గది పెరిగిందంట!"
అమ్మ నవ్వలేదు.
ఎండుచేపల డబ్బా తీసుకెళ్లి
పక్కింటివాళ్లకి ఇచ్చేసింది, డబ్బాతో సహా.

ఇప్పుడు నీటిమాత్రలు. ఉప్పులేని చారు.
అద్దెకు తెచ్చిన ఆక్సిజన్ యంత్రం
రోజుకి పదిహేను గంటలు గురక.
ఉన్న ఒక్క ప్లగ్గూ దానికే.
నా మిషనుకి మోటారు విప్పేసి
మళ్లీ కాలితో తొక్కుతున్నాను.
కరెంటు పోతే నా మిషను నడుస్తుంది.
దానికే తొక్కుడుపలక లేదు.
అప్పుడు విసనకర్ర పట్టుకుని కూర్చుంటుంది అమ్మ,
దానివల్ల లాభం లేదని
ముగ్గురికీ తెలుసు.

ఇవాళ మెడ పక్క నరం కాస్త దిగింది.
గోడకి రెండు తలగడలానించి
నాన్న కూర్చునే నిద్రపోతున్నాడు.
పాదం మీద బొటనవేలు నొక్కి తీస్తాను.
గుంట.
అది పూడేదాకా లెక్కపెడతాను,
ఒకటి, రెండు, ఏడు, ఎనిమిది...
రేవులో ఓడ కూస్తుంది.

"మన బెర్తుకేనా?"
కళ్లు తెరవకుండానే అడుగుతాడు.
రిటైరై ఆరేళ్లు.

మనదానికే అంటాను.
లెక్క తప్పింది.
మళ్లీ నొక్కుతాను.