ఆముదం పొగ

రిఫ్ఫాల అర్బాబ్ షెడ్డుకు ఏసీ ఉంటది,
అది బండ్ల కోసం.
పదకొండు బండ్లల్ల ఎనిమిదోదానికి
తలుపుల్లేవు, ముందు అద్దం లేదు,
రెండు ఇత్తడి దీపాలు మాత్రం
బెదిరిన ఎద్దు కండ్ల లెక్క.
చినిగిన తోలు సీటు కుట్టుడు నా పని.

గోడకు ఒక దొరసాని ఫోటో.
పేరు ఫ్లోరీ వెంట్నర్ అంట.
నూటపదేండ్ల కింద లండన్‌ల
రాత్రయితే మ్యూజిక్ హాల్ ఎక్కి
పొడుగు టోపీ, చేతికర్ర, అంటించిన మీసం,
జమీందారు కొడుకు తాగి ఇంటికొచ్చే నడక నడిస్తే
ఈలలు ఆగేటివి కాదంట.
బండి వెంబడి వచ్చిన ఫైలుల ఉన్నది.
ఆఫీసు గోవా క్లర్కు
చాయ్ తాగుకుంట చదివి చెప్పిండు.

ఊరవతల కాంక్రీటు బాట,
గిన్నె అంచు లెక్క పైకి లేచి తిరిగేది.
ఆడోళ్ల పేరు పందెంల రాయమన్నరు.
రాత్రి చప్పట్లు కొట్టిన చేతులే
పొద్దుగాల గేటుకు అడ్డం.
ఒక శనివారం
కెప్టెన్ హార్కర్ అని రాయించుకొని
ఆ మీసమే అంటించుకొని ఎక్కింది.
రెండో నంబరు వచ్చింది.
గాలికి మీసం సగం ఊడి
చెంప మీద కొట్టుకుంట ఉండంగనే
బండి దిగింది.
పేరు కొట్టేసిన గీత
ఫైలుల ఇంకా ఎర్రగనే ఉన్నది.

క్లర్కు నవ్విండు. నాకు నవ్వు రాలే.
మాది చిందోళ్ల ఇల్లు, ఆర్మూరు దిక్కు.
మా మేనత్త సాయవ్వ
పొనికి చెక్క భుజకీర్తులు కట్టి
ఆముదం దీపం మసితోని మీసం దిద్ది
హిరణ్యకశిపుడై ఒక్క అడుగు ఏస్తే
ముందల కూసున్న పటేలు
చాపిన కాళ్లు ముడుసుకునేటోడు.
తెల్లారి ఆయన వాకిట్ల
చాటల గింజలకు చెయ్యి చాపినప్పుడు
మీసం మరక ఇంకా పోయేది కాదు.
"దూరం నిలబడు సాయీ" అనేటోడు.
రాజుకు చెప్పినట్టు కాదు.

సీటు విప్పితే లోపల గుర్రం వెంట్రుకలు.
అండ్ల ఒక కుచ్చు వేరేగ,
ఒకపక్క బంక ఎండి గట్టిగ.
ఇంగ్లండు నుంచి వచ్చిన ముసలి నిపుణుడు
అద్దాలు తీసి చూసి
కూరుడు గడ్డే అన్నడు.
అయి ఉంటది.
ఎడమ దిక్కు మళ్ల లోపలనే పెట్టి కుట్టిన.

ఇంజను తిప్పే రోజు ఆయనే అన్నడు,
ఈ బండికి వేరే నూనె పనికిరాదు, ఆముదమే అని.
మనామా బజార్ల డబ్బాలు కొన్నరు.
దగ్గింది, ఆగింది, మళ్ల దగ్గింది,
షెడ్డంత తెల్లటి పొగ.
అందరు ముక్కు మూసుకున్నరు.
నేను మూసుకోలే.
ఆ వాసనల గజ్జెలున్నయి,
సాయవ్వ చూపుడు వేలున్నది,
నా పై పెదవి మీద మొదటిసారి గీసిన గీత ఉన్నది.
దూరంగ సఖీర్ ట్రాక్ మీద
కొత్త బండ్లు దోమల లెక్క ఏడుస్తున్నయి.

ఐదు నిమిషాలు.
గోడలు పాడైతున్నయని
అర్బాబ్ బంద్ చేయించిండు.

బుధవారం బోర్డు వచ్చింది, ఇత్తడిది,
అరబ్బీల, ఇంగ్లీషుల.
గోవాయన చదివిండు:
నడిపినది కెప్టెన్ హార్కర్, రెండవ స్థానం.
ఫోటో కింద ఏం లేదు.

అందరు పోయినంక
పొగగొట్టంల వేలు పెట్టి మసి తీసిన.
ఫోటో అద్దం మీద, పెదవి పైన,
కుడికొకటి, ఎడమకొకటి,
చివర్లు పైకి తిప్పి.

పొద్దుగాల అద్దాలు తుడిచేది
నేనే.