టమాటా పట్ట కింద

ఐదో తరగతి పుస్తకం తెరిచి
కంచం పక్కన పెట్టింది లోహిత:
పసుపు ఇసక, ఒక ఒంటె, దాని నీడ.
"నాన్నా, నాకు ఇది చూడాల."

మునిశేఖర్ సంగటి తుంచుకుంటా లెక్కలేసినాడు.
ఆ ఒంటె దగ్గరికి పోవాలంటే
మూడు రైళ్ళు, ఆర్నెల్ల బాడుగ డబ్బులు.
వేళ్ళు నాక్కోని అన్నాడు,
"అంత దూరం దేనికి మే,
మనకూ ఉండాది. శనివారం పోదాం."

అట్ల బయల్దేరినాం కొర్లగుంట నుంచి,
వారమంతా మదనపల్లి టమాటాలు మోసే చిన్నబండిలో.
ముందర ఆయన, మా అత్త కుప్పమ్మ, ఆమె వక్కాకు సంచి.
వెనక నేనూ ఇద్దరు పిల్లోళ్ళూ,
సంగటి ముద్దలు, ఊరిబిండి, రెండు బిందెల నీళ్ళు,
మడతేసిన టార్పాలిన్ పట్ట.
ఎన్నిసార్లు ఉతికినా
ఆ పట్టకి పుల్లటి వాసన పోదు.

భాకరాపేట ఘాటులో గుణ కక్కుకున్నాడు.
ఒక బిందె అక్కడికే సరి.

పీలేరు దాటినాక రోడ్డు మీద తళతళమని మెరుపు.
"నీళ్ళు!" అన్నాడు వాడు.
"ఎండమావి," అంది లోహిత,
రెండు మార్కులు తెచ్చుకున్న గొంతుతో.
బండి పోయేకొద్దీ అదీ జరగతా పోయింది.

బండమీద బండ, బండమీద బండ,
ఎవరో ఆడుకుంటా అన్నానికి పిలిస్తే లేచిపోయినట్టు.
ఒక చేలో బోరు లారీ.
గాల్లోకి తెల్లటి దుమ్ము, గుడ్డ కట్టుకున్న మొహాలు,
తలమీద చెయ్యి పెట్టుకోని గట్టున కూర్చున్న ఒకాయన.
అత్త అది చూసి
వక్కని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చింది.
గుణ మేకల్ని ఒంటెలని లెక్కపెట్టినాడు,
పదిహేడు దాకా.

సాయంత్రం పాత వంతెన కింద బండి ఆగింది.
ఏరంట. పేరుంది, పేరు రాసిన బోర్డుంది.
స్తంభాల మీద నీళ్ళ కొలత గీతలు,
పది, తొమ్మిది, ఎనిమిది...
సున్నా మనిషెత్తున ఉంది.
దాని కింద ఎత్తుకపోగా మిగిలిన ఇసక.

"ఒంటె ఏదీ?"
అప్పుడే పట్ట వీపున వేసుకోని
వంగి వంగి వస్తున్నాడు మునిశేఖర్.
పిల్లోళ్ళు చప్పట్లు కొట్టినారు.
పాపం, ఎందుకో ఆయనకి తెలీలా.

పట్టకి ఒక అంచు బండికి, ఒక అంచు రెండు గడలకి.
వీపు కింద ఇసక
పొయ్యి మీంచి దించిన పెనం మాదిరి, ఆరతా ఆరతా.
రెండో బిందెని ఎవరు తన్నినారో
ఎవరూ ఒప్పుకోలేదు.
నేను అరిచినాను. ఆయన అరిచినాడు.
ఎడారి చూపిస్తానని తెచ్చినోడివి
నీళ్ళు లేవని అరుస్తావేందని నవ్వొచ్చింది నాకు,
నవ్వలేదు.

అత్త ఏమీ అనలేదు.
టిఫిన్ మూత తీసుకోని పక్కకి పోయింది.
పొట్టకోసమనుకున్నా.
ఎంతసేపటికీ రాలేదని టార్చి వేస్తే
మోకాళ్ళ మీద వంగి తవ్వతా ఉంది,
మోచెయ్యి దాకా, ఆపైన భుజం దాకా.
గాజులు తీసి పక్కన పెట్టుకోనుంది.

"ఏందత్తా?"
"చెలమ."
అంతే.

తడి ఇసక వచ్చింది. వాసన వచ్చింది.
తర్వాత ఒక పక్క నుంచి, సిగ్గుపడతా,
గుక్కెడు.
అందులో నక్షత్రం కనపడిందని చెప్తే బాగుంటుంది.
కనపడింది నా టార్చి లైటు.
మొదటి గుక్కెడు బయటికి చిమ్మేసింది.
రెండోదీ చిమ్మేసింది.
మూడోది లోహిత దోసిట్లో పోసింది.

పుస్తకంలో ఇది లేదు, అంది పాప తాగినాక.
"పుస్తకం రాసినోళ్ళకి దప్పి కాలేదేమో,"
అంది అత్త, గాజులు తొడుక్కుంటా.

తెల్లారి లేస్తే
నిన్నటి మేకలు ఆ గుంతలో మూతులు పెట్టినాయి.
దాన్ని పూడ్చకుండానే వచ్చేసినాం.

సోమవారం మండీలో
పట్ట విదిలిస్తే జల్లుమని ఇసక రాలింది క్రేట్ల మీద.
"ఏందన్నా ఇది, సరుకు మీద?" అన్నాడు తూకమేసే పిల్లోడు.
మునిశేఖర్ ఒక టమాటా తీసి
చొక్కాకి తుడిచి వాడి చేతిలో పెట్టినాడంట.
"మా పాప ఎడారి," అన్నాడంట.