అవతలి ప్రభ

పొదిలి దాటి తొమ్మిది మైళ్లు. తిరణాల రాత్రి.
అరవై అడుగుల ప్రభ, దాని కాళ్ల దగ్గర మా స్టేజీ.
జనరేటరు అందుకుంది, లైట్లు అందుకున్నాయి,
ట్యాబు మీద పచ్చచుక్క: కనెక్టెడ్.
కీ నొక్కితే మాత్రం
ర్యాకులో సౌండ్ మాడ్యూలు
అన్నం మీద అలిగిన పిల్లాడల్లే కూచునుంది.

"ఏందన్నా, పలకదా?"
మైకుకు చెయ్యి అడ్డం పెట్టి కామాక్షి.
పలుకుద్దిలే, ఈలోపు దాతల పేర్లు చదువు.
దాతలు నలభై మంది.
నా చేతిలో నాలుగు నిమిషాలు.

మా నాయన పొగాకు బేరన్ కాల్చేవాడు.
లోపల వేడి ఎక్కకపోతే తిట్టడు, పరిగెత్తడు.
పొయ్యి కాడ మొదలుపెట్టి
గొట్టం గొట్టం తట్టుకుంటా పోయేవాడు.
"ఇక్కడిదాకా వచ్చింది. ఇదిగో, ఇక్కడిదాకానూ వచ్చింది.
మరి ఇక్కణ్ణించి యాడికి బోయింది?"
నాకొచ్చిన రిపేరు విద్య మొత్తం అంతే.

యాప్ పంపుతోందా? పంపుతోంది, గీతలు ఎగురుతున్నాయి.
ఛానల్ ఒకటి. మాడ్యూలు కూడా ఒకటే.
పది కాదు గదా అని రెండోసారి చూశాను.
పది డప్పులది.
దర్శిలో ఒక బారసాలకి పొరపాటున పదిలో పెట్టి జోల వాయిస్తే
ఫ్లూటుకు బదులు గంటలు, గజ్జెలు, చివర ఒక ఈల.
ఉయ్యాల్లో బిడ్డ లేచింది, వాళ్ల తాత నవ్వాడు,
డబ్బులు మాత్రం సగమే ఇచ్చారు.

మొన్న సంకలో ట్యాబు జారి సాకెట్టు వదులైంది,
అప్పట్నించీ తీగ లేదు.
అగ్గిపెట్టెంత బ్లూటూత్ డబ్బీ మాడ్యూలు వీపున గుచ్చి ఉంది.
సెల్లు లైటుతో దూరి చూశాను:
ఇన్, ఔట్, ఒకే తల్లి పిల్లల్లా అయిదేసి చిల్లులు.
చీకట్లో తారుమారు చేసుంటాడని మస్తాన్ మీద అనుమానం.
చెయ్యలేదు పాపం.
"నువ్వు పంపితే గదా నేను పెంచేది!" మిక్సరు కాణ్ణించి వాడి కేక.

అన్నీ సరిగ్గా ఉన్నాయి.
అన్నీ సరిగ్గా ఉండి మోగకపోవడమంత భయం
తెగిన తీగలో లేదు.

ముప్పై ఒకటో దాత, బోరుబావి లారీ ఓనరు.
అప్పుడు వినపడింది.
జీళ్లకొట్టుకీ చెరుకురసం బండికీ అవతల
పక్కూరి ప్రభ మీద పాట నడుస్తోంది,
ఆ పాటకు సంబంధం లేని సన్నాయి ఒకటి మధ్యలో ఊడిపడింది.
నేను వేలెత్తాను. అది ఆగింది.
గాంధారం నొక్కాను.
అక్కడ గాంధారం.

పెంచలయ్య తన వేళ్ల వంక చూసుకుంటున్నాడు.

ఒంగోల్లో ఒకే కొట్లో, ఒకే రోజు,
రెండు కొంటామని రెండొందలు తగ్గించుకుని
తెచ్చుకున్న డబ్బీలు అవి.
అప్పుడు మాది ఒకటే బ్యాండు.
మార్కాపురం అడ్వాన్సు నాలుగు వేలు ఎవరి జేబులో ఉండిపోయిందో
ఇద్దరం రెండు రకాలుగా చెబుతాం, రెండేళ్లుగా.
కంపెనీ పెట్టిన పేరు మాత్రం ఇద్దరం మార్చలేదు.
వాడు నేరుగా కీబోర్డే వాయిస్తున్నాడు,
డబ్బీ ఊరికే వెనకాల వేలాడుతోంది,
ఎవరు పిలిస్తే వాళ్లకు పలుకుతా.
నా ట్యాబుకు అదే ముందు గుర్తొచ్చింది.

సెట్టింగ్స్‌లో వేలు పెడితే ట్యాబు అడిగింది:
ఈ డివైస్‌ని మర్చిపోవాలా?
ముప్పై ఎనిమిదో దాత, పశువుల డాక్టరు గారు.
అవును, నొక్కాను.
అరసెకనులో మర్చిపోయింది, దానిదేం పోయింది.
మళ్లీ వెతికించాను.
ఈసారి మా ర్యాకులో ఎర్రలైటు కన్ను కొట్టింది.

మస్తాన్ బొటనవేలు ఎత్తాడు.
కామాక్షి పల్లవికి ఊపిరి తీసుకుంది.
ఆ సందులో, అటునించి,
ఏ డబ్బీ అక్కర్లేకుండా స్పీకర్లలోంచి, గాల్లోంచి
రెండు పంచమాలు, పొట్టిగా.
ప్రోగ్రాం మొదలుకు ముందు పాతరోజుల్లో వాడు నన్నడిగే మాట అది:
రెడీనా?

నా చెయ్యి నన్నడగలేదు.
రెండు పంచమాలు మోగాయి.

కామాక్షి వెనక్కి తిరిగింది.
"అన్నా, అది పాటలో లేదు గదా?"