రొట్టె చేయి మారింది

వూచ్ అంటే మా భాషలో పడవ.
ఊళ్ళో నది మాత్రం కనపడదు,
మిల్లుల కింద నుంచి గొట్టాల్లో పోతుంది.
అలాంటి ఒక పాత మిల్లులోనే మా క్లాసు.
మగ్గాలు ఎప్పుడో పోయాయి,
కిటికీ మూలల్లో ఇంకా తెల్లగా ఏదో నూగు.

వ్రెంబెల్ మేడమ్ మొదటిరోజే చెప్పింది:
"అభిప్రాయాలు బయట గొడుగుల పక్కన పెట్టి రండి.
కనపడింది రాయండి. అంతే."

మాకిచ్చింది నాలుగు నిమిషాల రీలు.
మూగది. తీసినవాడి పేరు తెలీదు.
డబ్బా మీద పెన్సిలుతో "వీధి" అని ఉంది.
ఎడిటింగ్ బల్ల మీద
ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి,
నలభై సార్లు.
ట్రామ్ వస్తుంది. గుర్రం తోక ఆడిస్తుంది.
అద్దాలకొట్టు గుమ్మంలో ఒకాయన
కెమెరాని చూసి టోపీ సర్దుకుంటాడు.
ఒకామె రోడ్డు దాటుతుంది, కుడిచేతిలో రొట్టె.
కట్.
దగ్గర షాట్. అదే ఆమె, అదే కోటు,
రొట్టె ఎడమచేతిలో.

పగలబడి నవ్వాం.
దోబ్రోస్వావ్ అయితే బల్ల చరిచి
"కంటిన్యుటీ చూసేవాడు కునుకు తీశాడు" అన్నాడు.
నేను నోటుబుక్కులో ఎర్రసిరాతో రాశాను:
తప్పు.

మేడమ్ నవ్వలేదు, తిట్టనూ లేదు.
సరిగ్గా కట్ దగ్గర రీలు ఆపి
టీ పోసుకుంది.
"ఇంకేం మారింది?"

ఇంకేం మారుతుంది?
ఆ రాత్రి ఆఖరి ట్రామ్ పోయింది నాకు.
భూతద్దం పెట్టి ఒక్కో ఫ్రేమూ వెతికాను,
పిల్ల తలలో పేలు చూసినట్టు.

మొదటి షాట్‌లో ఆమె నీడ పొట్టిది,
రెండోదాంట్లో గోడెక్కింది.
కోటు అదే గాని పై గుండీ వేరు,
ఊడిపోతే దొరికింది కుట్టుకున్నట్టుంది,
నల్లకోటుకి తెల్లగుండీ.
వెనకాల చెట్టుకి ఆకుల్లేవు.
అద్దాలకొట్టు బోర్డు మీద పేరుకి
సున్నం కొట్టేశారు.
గుమ్మం ఖాళీ.

ఆ అతుకులో పోయింది రెప్పపాటు కాదు,
ఆకురాలే కాలం మొత్తం.
ఫిల్మే దొరకలేదో,
కెమెరా బయటికి తీయడానికి ధైర్యమే చాల్లేదో.
అయినా మళ్ళీ వచ్చాడు.
ఆమెని వెతికి, ఆ కోటే వేసుకోమని,
ఆ చలికాలం ఎక్కడ సంపాదించాడో ఒక రొట్టె,
చేతికిచ్చి నడవమన్నాడు.
ఏ చెయ్యో ఎవరికి గుర్తుంటుంది?

టోపీ ఆయన గురించి నేనేమీ రాయలేదు.
కనపడిందే రాయమంది కదా,
కనపడనివాళ్ళకి మా ఫారంలో గడి లేదు.
"తప్పు" అన్నదాన్ని కొట్టేద్దామనుకున్నా.
కొట్టెయ్యలేదు,
అది ఎవరిదో ఇంకా తేలలేదు.

తెల్లారి నా కాగితం చదివి
మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
రీలు మళ్ళీ మొదటికి చుడుతూ అంది:
"ఇవాళ గుర్రాన్ని చూడు."