ఏ లీగూ లెక్కపెట్టని గడి

మొదటిరోజు మాకెవరికీ బంతి ఇవ్వలేదాయన.
తలా ఒక ఇనుప దంతె ఇచ్చాడు.
"రేపట్నుంచి మీరు పడబోయేది ఈ మట్టిలోనే,
ముందు దాని మంచీ చెడ్డా కనుక్కోండి."

ఏప్రిల్ నెల. నార్త్ డకోటా.
కంచె వారన ఇంకా కరగని మంచు
ఉతకని దుప్పట్ల కుప్పలాగా.
వర్జిల్ టోస్టెన్‌రూడ్, నోరు తిరగని పేరు,
మాకు ఉత్త కోచ్.
జేబు నిండా పొద్దుతిరుగుడు గింజలు.
కాళ్ల దగ్గర ఊసిన పొట్టు చూసి
ఆట ఎన్నో ఇన్నింగ్స్‌లో ఉందో చెప్పొచ్చు.

ముప్పై నాలుగేళ్లు ఒకటే కాలేజీ,
చక్కెర దుంపల మిల్లు వాసన కొట్టే ఒకటే మైదానం.
ఎన్ని గెలిచారని పత్రికవాళ్లడిగితే
"లీలండ్ పుస్తకంలో ఉంటాయి" అనేవాడు.
లీలండ్ అంటే నేనే.
నాలుగేళ్లలో పదకొండుసార్లు బ్యాట్ పట్టి
ఆ తర్వాత జీవితమంతా పెన్సిల్ పట్టినవాణ్ణి.

ఆ పుస్తకంలో ఆయన గీయించిన గడి ఒకటుంది,
ఏ లీగూ లెక్కపెట్టనిది.
తనవైపు రాని బంతి కోసం పరిగెత్తిందెవడు?
విసిరినవాడి గురి తప్పుతుందేమోనని
వెనక వెళ్లి నిలబడ్డదెవడు?
పదింట తొమ్మిదిసార్లు ఆ బంతి రాదు.
వట్టి పరుగు. వట్టి రొప్పు.
నేనొక గీత గీసేవాణ్ణి.
జీతం కవరు విప్పినట్టు
రాత్రిపూట ఆ గీతలు చూసుకునేవాడు.

"ఎంత మొనగాడైనా
పదింట ఏడుసార్లు ఒట్టి చేతులతో తిరిగొస్తాడు.
ఆ ఏడుసార్లూ ఎలా నడిచి రావాలో
అదొక్కటే నేను నేర్పగలను.
మిగతా మూడూ మీ అమ్మ ఇచ్చిన కళ్లు."
నేను విన్న ఉపన్యాసం ఇదొక్కటే,
బస్సు టైరు పేలిన రాత్రి
మోకాళ్ల మీద కూర్చుని జాకీ తిప్పుతూ.

ఇక ఎమెట్ రోస్‌వోల్డ్ సంగతి.
చెప్పకుండా దాటేద్దామనుకున్నాను.

ఎనిమిది ఇన్నింగ్స్. ఒక్క హిట్ ఇవ్వలేదు వాడు.
వాళ్ల నాన్న మిల్లులో షిఫ్టు ఎగ్గొట్టి వచ్చి
కంచె పట్టుకుని నిలబడ్డాడు.
పెద్ద లీగు మనిషొకడు
వేగం కొలిచే యంత్రంతో ముందు వరసలో.
నా పెన్సిల్ వణుకుతోంది.
నేను చూడనిది కోచ్ చూశాడు:
బంతి విసిరిన ప్రతిసారీ వాడు
మోచేతిని నడుముకేసి నొక్కుకుంటున్నాడు,
చెమట తుడుచుకుంటున్నట్టు.

తొందరేం లేనట్టు నడిచి వెళ్లి
అరచెయ్యి చాపాడు.
వాడు బంతి ఇవ్వలేదు.
చెయ్యి అలాగే ఉంది.
స్టాండ్స్‌లో ఒకడు బూతు అరిచాడు, ఆ వెనక అందరూ.
చివరికి బంతిని మట్టిలో పడేసి వెళ్లిపోయాడు ఎమెట్.
కోచ్ వంగి తీసి, ప్యాంటుకి తుడిచి
తర్వాతి కుర్రాడికిచ్చాడు.
ఓడిపోయాం.

చెయ్యి దక్కిందనే అనుకుంటాను.
యంత్రం మనిషి మళ్లీ రాలేదు.
దేన్ని ఏ గడిలో రాయను?
"తప్పు చేశామా కోచ్?" అన్నాను ఒకసారి.
పొట్టు ఊసి "అయ్యుండొచ్చు" అన్నాడు.
"మళ్లీ ఆ రోజొస్తే మళ్లీ చెయ్యి చాపుతాను."

రిటైరైన ఏడు, మైదానానికి తన పేరు పెడతామంటే
ఆ డబ్బుతో వాన కప్పే టార్పాలిన్ కొనమన్నాడు.
సభ జరిగింది. కేకు కోశారు.
ఎవరెవరో వచ్చారు. ఎమెట్ రాలేదు.

మర్నాడు పొద్దున్నే పుస్తకాలు తీసుకుందామని వెళితే
మూడో బేస్ దగ్గర ఎవరో దంతె లాగుతున్నారు.
జుట్టు పల్చబడ్డ మనిషి, మెకానిక్ చొక్కా.
డగౌట్ మెట్టు మీద కోచ్.
మాటల్లేవు.
మట్టిలో గులకరాయి తగిలితే
వాడు తీసి కంచె అవతలికి విసిరాడు.
చాలా దూరం పోయింది అది.
కోచ్ రాయిని చూడలేదు,
మోచేతినే చూస్తున్నాడు.

నేను గేటు దగ్గరే ఆగిపోయి
జేబులో పెన్సిల్ కోసం తడుముకున్నాను.