ఆఖరిసారి అని రాయాల్నా?

హన్మకొండ చౌరస్త ఎనుక గల్లీల
ప్రెస్సు నడిపే ముంతాజలి
అద్దాలు నెత్తిమీదికి జరిపి అడిగిండు:
"డీజిల్ బాయ్స్. సరే.
దీని కింద 'ఆఖరిసారి' అని
ఎర్రక్షరాలల్ల ఎయ్యాల్నా, వద్దా?
ఎయ్యకుంటే ఎవడొస్తడు సార్?"

బాయ్స్ అన్నకాడ మాత్రం నవ్వలే. మంచోడు.
రేపు చెప్తనని బయటికొచ్చిన.

పోయిన ఐతారం ఆస్కర్ ఇంట్ల కూసున్నం నలుగురం.
అయిదుగురం ఉండాలె.
కీబోర్డు ప్రభుదాసు పోయి మూడేండ్లు.
యాకయ్యకు మోకాలు మార్చిన్రు,
కొత్త మోకాలు తాళం వినదట,
నొప్పున్నా పాతదే నయమంటడు.
ఆస్కర్‌కు పైస్థాయి అందదు.
అందని జాగల మైకును జనం దిక్కు తిప్పుతడు
వాళ్లే పాడుకుంటరని.
జనముంటే.

"లేని దుకాణానికి తాళమెందుకురా" అన్నడు లీడు గిటారు కొంరెల్లి.
"చెప్పి వచ్చినోళ్లం, చెప్పకుంట పోతే దొంగలం గాదా"
ఆస్కర్ మాట.
యాకయ్య ఏమనలే, స్టీలు గిలాస మీద
రెండు వేళ్లతోని కొట్టుకుంట కూసున్నడు.

అయినా ఇదివరకొకసారి పోయినోళ్లమే మేము.
తొంభై ఆరుల, బెల్లంపల్లి క్లబ్బుల
ఇదే ఆఖరని మైకుల చెప్పి ఏడ్సినం.
బాయి దిగొచ్చిన ఓవర్‌మన్ ఒకాయన
బొగ్గు మొఖంతోనే స్టేజెక్కి
యాకయ్యను అలుముకున్నడు.
తెల్లంగి మీద నల్లటి మనిషొకడు అచ్చు పడ్డడు.
ఏడాది తిరగకముందే రామగుండంల పిలుస్తే
ఉరుక్కుంట పోయినం.
ఆయన ముందు వరసలనే ఉన్నడు.
ఏమనలే.
చప్పట్లు మాత్రం కొట్టలే.

నేను బేసు గిటారు. అంతకన్న ముందు
కాజీపేట షెడ్డుల ముప్పై నాలుగేండ్లు ఫిట్టర్ని.
పనికిరాదని తేల్చిన ఇంజను పక్కన
సాక్పీసుతోని 'కండెం' అని రాసింది ఈ చెయ్యే.
రాయంగనే పక్కోడు బల్బు పీక్కపోతడు,
ఇంకోడు హారను.
పొద్దుగూకే వరకు అది ఇంజను గాదు, ఇనుము.
నిన్నటిదాక రెండు వేల టన్నులు గుంజింది
ఒక్క మాట రాసినందుకు.
మరి నా ఈపు మీద నేనే ఎట్ల రాసుకోను?

రాయని డబ్బా గూడ నాకెరుకే.
హసన్‌పర్తి అవుతల ఒక మూలలైన్ల
ఎవరూ రాయలే, ఎవరూ తీస్కపోలే.
అడుగు చీల్చుకొని తుమ్మ మొలిచింది,
కప్పు దాటింది.
లోపల మేకలు ఈనినయి.
అది అట్లనే ఎదురుచూస్తున్నదో
మరిచిపోయిందో.

రాత్రి సంచిల నుంచి బేసు తీసిన.
నాలుగు తీగలకు తుప్పు, నాలుగు వేళ్లకు తుప్పు.
బేసొక్కటే వాయిస్తే అది ఏ పాటో
ఎవరికీ తెల్వది, గోడకు తప్ప.
వంటింట్లకెళ్లి మేరమ్మ అన్నది
"గిది బెల్లంపల్లిల కొట్టిందే గదా?"
కాదు.
ఔనన్న.

పొద్దుగాల ముంతాజలి కాడికి పోయిన.
మానుకోట, జమ్మికుంట, మంచిర్యాల
మూడే ఊర్లు, రైలు దిగి నడిచేంత దూరంల.
పేర్లు అయిదు.
"ప్రభుదాసు సాబ్ లేడు గదా?"
ఎయ్యి, ఆయన వంతు ఎవరం వాయించం,
ఆ కాడ ఊకుంటం.

"మరి ఆఖరిసారి?"
ఆ జాగ ఇడిసిపెట్టు.
రాయబుద్దయినోడు రాసుకుంటడు,
సాక్పీసు మస్తు దొరుకుతది.

అద్దాలు కిందికి దించుకొని
లెక్క రాసుకుంట అన్నడు ముంతాజలి:
"ఖాళీ జాగకు గూడ పైసలైతయి సార్."